పిల్లలకి కోడింగ్ నేర్పాలా? ముందు స్క్రీన్ మీద ముగ్గు వేయించండి

ఊళ్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి కాస్త తెలిసినవాడు ఒకడుంటే చాలు, అందరూ వాడినే అడుగుతారు. మాది సిద్దిపేట జిల్లా కొండపాక. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. పండక్కో, లాంగ్ వీకెండ్‌కో ఇంటికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు: "మా పిలగానికి కోడింగ్ నేర్పిద్దామనుకుంటున్నం తమ్మీ, ఏ ట్యాబ్ తీసుకోమంటవ్?"

అడిగేవాళ్లు ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అనేవి ముందే చూసుకుని ఉంటారు. ఆ ట్యాబ్‌లో పిల్లవాడు ఏం తయారు చేస్తాడు అన్నది మాత్రం ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే, "స్టూడెంట్స్ కోసం బెస్ట్ ట్యాబ్స్" అని రాసే మన రివ్యూల్లో కూడా ఆ ప్రశ్న పెద్దగా కనిపించదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకి ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాలంటే బొమ్మ గీసే టూల్స్‌ని మించినవి నాకు కనిపించలేదు. వాటిలో మంచివన్నీ ఫ్రీ. పాత మెషీన్‌లో కూడా నడుస్తాయి, చాలావాటికి నెట్ కూడా అక్కర్లేదు. కానీ పిల్లల కోసమని మనం కొనే డివైస్‌లలో చాలా వరకు చూడటానికి పనికొస్తాయి తప్ప చెయ్యడానికి పనికిరావు. డబ్బులు పోయేది అక్కడే.

ఈ తొందర ఎందుకొచ్చింది?

2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ అంది. 2021లో సీబీఎస్ఈ 6 నుంచి 8 తరగతులకి మైక్రోసాఫ్ట్‌తో కలిసి కోడింగ్ పాఠాలు తెచ్చింది. 2025లో కేంద్రం ఇంకో అడుగు వేసి, 2026-27 నుంచి మూడో తరగతి నుంచే ఏఐ, కంప్యుటేషనల్ థింకింగ్ పెడతామని ప్రకటించింది. ఇవన్నీ పేపర్లో చదివిన తల్లిదండ్రులకి "మనోడు వెనకబడిపోతాడేమో" అన్న భయం పట్టుకుంటుంది.

ఆ భయం మీద వ్యాపారం ఎలా నడిచిందో మనం చూశాం. లాక్‌డౌన్ టైమ్‌లో వైట్‌హ్యాట్ జూనియర్ యాడ్స్ గుర్తున్నాయి కదా? ఆరేళ్ల పిల్లలు యాప్స్ చేసేసినట్టు, ఇన్వెస్టర్లు ఇంటి ముందు కొట్టుకుంటున్నట్టు చూపించారు. 2020 ఆగస్టులో బైజూస్ ఆ కంపెనీని 30 కోట్ల డాలర్లకి కొనేసింది. అదే ఏడాది కొన్ని యాడ్స్‌ని ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పడంతో ఆపాల్సి వచ్చింది. తర్వాత బైజూస్ పరిస్థితి ఏమైందో అందరికీ తెలుసు. పిల్లలకి కోడింగ్ అంటే ఖరీదైన కోర్సు, దానికి తగ్గ ఖరీదైన డివైస్ ఉండాలన్న నమ్మకం మాత్రం జనంలో అలాగే ఉండిపోయింది.

మా కొండపాక హైదరాబాద్‌కి మరీ దూరం కాదు. రాజీవ్ రహదారి ఎక్కితే చాలు. జిల్లా కలెక్టరేట్ మా పక్కన దుద్దెడలోనే ఉంది. సిద్దిపేటలో 2023లో ఐటీ టవర్ కూడా మొదలైంది. ఆ టవర్ అద్దాలు చూసిన ప్రతి అమ్మానాన్నా తమ పిల్లలు అందులో కూర్చోవాలని కోరుకోవడం సహజం. కానీ ఆ పిల్లలు ఇంట్లో ఏ స్క్రీన్ ముందు కూర్చుంటున్నారు? చాలా ఇళ్లల్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోన్. అది పొద్దున నాన్నతో పాటు పొలానికో డ్యూటీకో పోతుంది. రాత్రి ఇంటికొచ్చాక పిల్లల చేతికి వస్తుంది. వచ్చాక జరిగేది రీల్స్, గేమ్స్.

స్కూల్ పాఠాలు కూడా వాళ్లకి స్క్రీన్ అంటే చూడటమనే అలవాటు చేశాయి. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ సర్కారు బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చాయి. ఆ టైమ్‌లో అది తప్పనిసరి, మంచి పని కూడా. కానీ టీవీలో పాఠం చూసే పిల్లవాడు టీవీకి తిరిగి ఏమీ చెప్పలేడు. ప్రోగ్రామింగ్ అంటే మెషీన్‌కి మనం చెప్పడం. అది చూస్తే రాదు.

బ్లాక్ స్క్రీన్ మీద ఫిబొనాచీ

బీటెక్ చదివినవాళ్లకి ఫస్టియర్ సీ ల్యాబ్ గుర్తుండే ఉంటుంది. మా కాలేజీలో కూడా 30 ఏళ్లు దాటిన టర్బో సీ, నీలం స్క్రీన్. మొదటి ప్రోగ్రామ్ హలో వరల్డ్, తర్వాత ప్రైమ్ నంబర్లు, ఫిబొనాచీ సిరీస్. రన్ కొడితే నల్ల స్క్రీన్ మీద నాలుగు అంకెలు వచ్చేవి. అవి కరెక్టో కాదో రికార్డులో చూసి పోల్చుకోవాలి. తేడా వస్తే ఎక్కడ తేడా వచ్చిందో ఆ అంకెలు చెప్పవు. అందుకే చాలామంది ప్రోగ్రామ్‌ని బట్టీ కొట్టి ఎగ్జామ్‌లో దించేసేవాళ్లు. వీళ్లలో తెలివైనవాళ్లు చాలామంది ఉన్నారు, అది వాళ్ల తప్పు కాదు.

తమాషా ఏంటంటే, అదే టర్బో సీలో గ్రాఫిక్స్ లైబ్రరీ కూడా ఉంది. గీత గీయమంటే గీస్తుంది, వృత్తం గీయమంటే గీస్తుంది. సిలబస్‌లో లేని ఆ మూలకి వెళ్లి కారు బొమ్మ స్క్రీన్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించినవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. చక్రం కారుని వదిలేసి వెనకే ఉండిపోతే వాళ్లకి రికార్డు అవసరం పడలేదు. చక్రం ఎక్స్ విలువ మార్చడం మర్చిపోయామని స్క్రీనే చెప్పింది. లూప్ అంటే ఏంటో వాళ్లకి మిగతావాళ్లకంటే ముందే అర్థమైంది.

పద్దెనిమిదేళ్ల వాళ్ల పరిస్థితే ఇది. మరి పదేళ్ల పిల్లల్ని అంకెల స్క్రీన్ ముందు కూర్చోబెడితే ఏమవుతుంది?

తాబేలు కథ

ఈ ఐడియా కొత్తదేం కాదు. 1967లో అమెరికాలో వాలీ ఫ్యూర్జిగ్, సేమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ చేశారు. కొన్నాళ్లకి దానికి ఒక తాబేలు తోడైంది. మొదట్లో అది పెన్ను పట్టుకుని నేల మీద తిరిగే రోబో, తర్వాత స్క్రీన్ మీదికి ఎక్కింది. ముందుకి 100 అంటే 100 అడుగులు పోతుంది. కుడికి 90 అంటే అక్కడే తిరుగుతుంది. పోయినంత మేరా గీత గీస్తుంది. ఈ రెండు ఆర్డర్లని నాలుగుసార్లు చెప్తే చతురస్రం. నాలుగుసార్లు రాయడం బోర్ కొడితే "4 సార్లు రిపీట్" అనొచ్చు. లూప్ అంటే అంతే.

ఇక్కడ అసలు మజా త్రిభుజం దగ్గర వస్తుంది. సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం 60 అని బళ్లో చెప్తారు కాబట్టి పిల్లలందరూ "కుడికి 60" అనే పెడతారు. మూడుసార్లు రిపీట్ చేస్తే త్రిభుజం రాదు, సగం షడ్భుజి వచ్చి ఆగిపోతుంది. అప్పుడు చెయ్యాల్సిన పని ఒక్కటే: పిల్లవాణ్ణి లేపి వాకిట్లో నడవమనడం. "నువ్వే తాబేలు అనుకో, త్రిభుజం మీద నడువు." మూల దగ్గరికొచ్చి తిరిగినప్పుడు తాను తిరిగింది లోపలి కోణం కాదని, బయటి కోణమని వాడి కాళ్లకే తెలుస్తుంది. 180 లోంచి 60 తీస్తే 120. మొత్తం చుట్టి వచ్చేసరికి 360 తిరగాలి, దాన్ని మూడు మూలలకి పంచాలి. జామెట్రీలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని విషయం ఇలా ఒక్కసారికే ఎక్కుతుంది.

పాపర్ట్ 1980లో మైండ్‌స్టార్మ్స్ అనే పుస్తకంలో చెప్పిన అసలు సంగతి కూడా ఇదే. తప్పు జవాబు అంటే సున్నా మార్కులు కాదు, సరిచేసుకోవాల్సిన బగ్ మాత్రమే. బొమ్మ గీసే ప్రోగ్రామ్‌లో బగ్ కంటికి కనిపిస్తుంది. టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేయాల్సిన పని లేదు.

2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ టీమ్ తెచ్చిన స్క్రాచ్ ఈ తాబేలుకి వారసుడే. టైప్ చెయ్యాల్సిన పని లేకుండా రంగురంగుల బ్లాకులు ఒకదానికొకటి అతికించుకుంటూ పోవచ్చు. సెమికోలన్ మర్చిపోతే ఎర్రర్ వచ్చే గోల ఉండదు. తప్పు జరిగితే ఆలోచనలోనే జరగాలి, స్పెల్లింగ్‌లో జరిగే ఛాన్సే లేదు. తెలుగు మీడియం పిల్లలకి ఇది చిన్న విషయం కాదు.

ముగ్గులో ఉన్న ప్రోగ్రామ్

చతురస్రాలు, త్రిభుజాలతో ఒక గంట గడుస్తుంది. ఆ తర్వాత ఏం గీయాలి? ఇంటర్నెట్‌లో ట్యుటోరియల్స్ అన్నీ పిల్లి నడవడం, బంతి ఎగరడం చుట్టే తిరుగుతాయి. మన పిల్లలకి ఇంతకంటే పెద్ద సిలబస్ వాకిట్లోనే ఉంది.

ముగ్గుని ఒక్కసారి ప్రోగ్రామర్ కళ్లతో చూడండి. ఎనిమిది రేకుల పువ్వు ముగ్గు వేసే అమ్మ ఎనిమిది వేర్వేరు బొమ్మలు వెయ్యదు. ఒక రేక ఎలా వెయ్యాలో ఆమె చేతికి తెలుసు. దాన్నే తిప్పి తిప్పి వేస్తుంది. స్క్రాచ్‌లో కూడా అంతే. ఎక్స్‌టెన్షన్స్‌లోకి వెళ్లి పెన్ యాడ్ చేసుకోండి. 1 అడుగు ముందుకి, 1 డిగ్రీ కుడికి, ఇలా 90 సార్లు తిప్పితే ఒక వంపు వస్తుంది. 90 డిగ్రీలు తిరిగి మళ్లీ అదే వంపు గీస్తే రేక పూర్తవుతుంది. చివర ఇంకో 90 తిరిగితే పెన్ను మొదట ఎటు చూసిందో మళ్లీ అటే చూస్తుంది. దీన్ని మై బ్లాక్స్‌లో "రేక" అని పేరు పెట్టి దాచుకోవాలి. ఇంజినీరింగ్‌లో ఫంక్షన్ అని సెమిస్టర్ మొత్తం చెప్పేది ఇదే. తర్వాత ఒక్క లైను: రేక గీయి, 45 తిరుగు, ఇది 8 సార్లు. పువ్వు రెడీ.

దసరా సెలవుల్లో మా వాకిట్లో ఐదారుగురు పిల్లలకి నా పాత ల్యాప్‌టాప్‌లో ఇది చూపించా. అందులో ఆరో తరగతి పాప ఒకామె 45 బదులు 40 పెట్టింది. ఎనిమిది రేకులూ వచ్చాయి, కానీ ఒక పక్క ఖాళీ మిగిలింది. నేను నోరు తెరిచేలోపే, "అన్నా, గీడ ఇంకోటి పడ్తది" అంది. రిపీట్‌లో 8 తీసి 9 పెట్టింది. ఖాళీ నిండిపోయింది. పక్కనున్న తమ్ముడు "అయితే పది రేకులకి ఎంత పెట్టాలె?" అన్నాడు. ఆ తర్వాత అరగంట నాతో పని లేదు. 360ని దేనితో భాగిస్తే ఎంత వస్తుందో నేల మీద సుద్దతో లెక్క వేసుకుంటూ కూర్చున్నారు. ఏడు రేకుల దగ్గర భాగహారం తెగకపోయేసరికి పెద్ద గొడవ. డెసిమల్స్ ఎందుకున్నాయో ఆ గొడవలోనే తెలిసింది.

చుక్కల ముగ్గు ఇంకా గట్టిది. 7 నుంచి 4 దాకా సందు చుక్క అంటే వరసగా 4, 5, 6, 7, 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. దీన్ని ప్రోగ్రామ్‌గా రాయాలంటే లూప్ లోపల లూప్ కావాలి. వరసకి ఎన్ని చుక్కలో గుర్తుపెట్టుకోవడానికి వేరియబుల్ కావాలి. మధ్య వరస దాటాక పెరిగేది తగ్గాలి కాబట్టి కండిషన్ కావాలి. వరస మారినప్పుడు మొదటి చుక్క సగం దూరం పక్కకి జరగాలి, ఆ సగం మర్చిపోతే ఎడమ అంచు గోడ కట్టినట్టు నిటారుగా వస్తుంది. "సందు చుక్క" అన్న ఒక్క మాటలో మన అమ్మలు ఇంత లాజిక్ దాచిపెట్టారు. పిల్లల కోడ్‌లో బగ్ ఎక్కడుందో కంప్యూటర్ ముట్టని నాయనమ్మ కూడా కనిపెట్టి చెప్పగలదు. ఇంగ్లిష్ కోడింగ్ క్లాస్‌లో ఆమెకి ఆ చోటు ఎవరిస్తారు?

ఇదేదో ఊరి మీద అభిమానంతో చెప్తున్నా అనుకోకండి. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమల కృతివాసన్ అనే ముగ్గురు పరిశోధకులు 1974లోనే తమిళ ముగ్గులైన కోలాల మీద పేపర్ రాశారు. కోలం గీతలకి కంప్యూటర్ సైన్స్‌లో వ్యాకరణం రాయొచ్చని చూపించారు. అది అచ్చయిన జర్నల్ పేరు కంప్యూటర్ గ్రాఫిక్స్ అండ్ ఇమేజ్ ప్రాసెసింగ్. యాభై ఏళ్ల కింద పెద్ద పరిశోధకులు సీరియస్‌గా తీసుకున్న విషయం మన పిల్లల క్లాసులోకి ఇంకా రాలేదు.

ముగ్గు ఒక్కటే కాదు. సిద్దిపేట గొల్లభామ చీర చూడండి. తల మీద కుండ పెట్టుకున్న ఆ బొమ్మ దారాల లెక్క మీద నిలబడింది. ఏ వరసలో ఏ రంగు దారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలియకపోతే బొమ్మ రాదు. పిక్సెల్ అంటే ఏంటని పిల్లలకి చెప్పడానికి గళ్ల కాగితం మీద గొల్లభామని నింపించడం కంటే మంచి పాఠం ఏముంటుంది? మన జిల్లాలోనే ఉన్న చేర్యాల నకాషీ పటం కథని ఒక్కో బొమ్మగా వరసగా చెప్పుకుంటూ పోతుంది. స్క్రాచ్‌లో బ్యాక్‌డ్రాప్ మారుస్తూ కథ నడపడం కూడా అదే పద్ధతి. బొమ్మలకి, కథలకి మనం ఎక్కడికో పోవాల్సిన పని లేదు.

ఏ డివైస్‌లో ఏది నడుస్తుంది?

మొదట అందరికీ తెలియాల్సిన విషయం: స్క్రాచ్ ప్రాజెక్టులు ఫోన్‌లో చూడొచ్చు, ఆడుకోవచ్చు. కానీ ఫోన్‌లో తయారు చెయ్యడానికి, మార్చడానికి సపోర్ట్ లేదని స్క్రాచ్ వాళ్లే చెప్తున్నారు. ఫోన్ చేతికిచ్చి "స్క్రాచ్ నేర్చుకో" అంటే పిల్లవాడు వేరేవాళ్ల గేమ్స్ ఆడుకుంటాడు, అంతే.

పాత ల్యాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్: నా మొదటి ఓటు దీనికే. విండోస్ 10 నడిచే మెషీన్ ఉంటే స్క్రాచ్ యాప్ ఒక్కసారి డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు, తర్వాత నెట్ అక్కర్లేదు. పెన్ డ్రైవ్‌లో కాపీ చేసి పక్కింటి వాళ్లకి కూడా ఇవ్వొచ్చు. గ్రాఫిక్స్ టూల్ అనగానే గ్రాఫిక్స్ కార్డ్ కావాలేమో అనుకోకండి. స్క్రాచ్ స్టేజ్ సైజు 480 బై 360 మాత్రమే. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ బాగా సరిపోతుంది. కొనేటప్పుడు కీబోర్డు, చార్జర్, బ్యాటరీ చూసుకోండి. హార్డ్ డిస్క్ ఉన్నదానికంటే ఎస్ఎస్‌డీ ఉన్నది ఎంచుకోండి.

విండోస్ కూడా మొయ్యలేని మెషీన్ అయితే లైనక్స్ వెయ్యొచ్చు. తెలుగువాళ్ల స్వేచ్ఛ సంస్థ పిల్లల కోసం బాల స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని కూడా తెచ్చింది. ఇంకా చిన్న పిల్లలుంటే టక్స్ పెయింట్ ఫ్రీగా దొరుకుతుంది, మౌస్ అలవాటు కావడానికి మంచిది.

ఆండ్రాయిడ్ ట్యాబ్: స్క్రాచ్ యాప్ ట్యాబ్‌లో ఉంది, ఎడిట్ కూడా చెయ్యొచ్చు. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకైతే స్క్రాచ్ జూనియర్. కాకపోతే ట్యాబ్ కొనే ముందు షాపులోనే ఆ యాప్ ఇన్‌స్టాల్ చేసి బ్లాకులు లాగి చూడండి. "కిడ్స్ మోడ్" అని బాక్స్ మీద రాసుంటే చాలదు. కిడ్స్ మోడ్ పిల్లలు ఏం చూడకూడదో చెప్తుంది, వాళ్లు ఏం చెయ్యగలరో చెప్పదు.

ఫోన్ మాత్రమే ఉన్న ఇల్లు: ఇక్కడ రెండు యాప్స్ గుర్తుపెట్టుకోండి. ఒకటి ఆక్టోస్టూడియో. స్క్రాచ్ పుట్టిన ఎంఐటీ గ్రూపే 2023లో ఫోన్ల కోసమే తెచ్చింది. ఫ్రీ, ఆఫ్‌లైన్‌లో పని చేస్తుంది. పిల్లలు తమ బొమ్మని కాగితం మీద గీసి, ఫొటో తీసి, బ్లాకులతో కదిలించొచ్చు, సొంత గొంతు రికార్డ్ చేసి పెట్టొచ్చు. రెండోది పాకెట్ కోడ్. ఆస్ట్రియాలో పుట్టిన ఓపెన్ సోర్స్ యాప్, స్క్రాచ్ లాంటి బ్లాకులే. చిన్న స్క్రీన్ మీద పెద్ద ప్రోగ్రామ్ చెయ్యడం కష్టమే, కానీ రీల్స్ చూడటంతో పోలిస్తే ఎంతో నయం.

టీవీ ఉంది, కంప్యూటర్ లేదు: రాస్ప్‌బెర్రీ పై 400 లాంటిది చూడొచ్చు. కీబోర్డులోనే కంప్యూటర్ ఉంటుంది, హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే స్క్రాచ్, పైథాన్ రెండూ నడుస్తాయి. అయితే రిపేర్ వస్తే ఊళ్లో చేసేవాళ్లు దొరకరు, అది గుర్తుంచుకోండి.

పన్నెండేళ్లు దాటాక పైథాన్‌కి వెళ్లొచ్చు. పైథాన్‌తో పాటే టర్టిల్ అనే మాడ్యూల్ వస్తుంది, వేరే ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేదు. అదే తాబేలు, అదే ముందుకి 100, కుడికి 90. ఇప్పుడు టైప్ చెయ్యాలి, అంతే తేడా. నిన్నటి దాకా బ్లాకుల్లో వేసిన ముగ్గునే టెక్స్ట్‌లో వేయించండి. కొత్త భాష వస్తుంది, ఆలోచన పాతదే కాబట్టి భయం ఉండదు.

"కానీ..." అనేవాళ్లకి

బ్లాకులు ఆటబొమ్మలు, అసలు కోడింగ్ కాదు అంటారు కొందరు. లూప్, ఫంక్షన్, వేరియబుల్, కండిషన్ ఉన్నదాన్ని ఏమనాలి మరి? నా ఉద్యోగంలో నేను వాడేవి కూడా ఆ నాలుగే, పేర్లు మాత్రం పొడుగ్గా ఉంటాయి. గడప తక్కువ ఎత్తులో ఉంటేనే చిన్నపిల్లలు లోపలికి రాగలరు. వచ్చాక పైకి ఎదగడానికి చోటు ఉందా లేదా అన్నదే చూడాలి. పాపర్ట్ అడిగింది కూడా ఆ రెండే.

ఇంకో అభ్యంతరం నిజంగా బలమైంది. 1984లో న్యూయార్క్ బ్యాంక్ స్ట్రీట్ కాలేజీలో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ అనే ఇద్దరు, ఏడాది పాటు లోగో చేసిన పిల్లల్ని చెయ్యని పిల్లలతో పోల్చారు. ప్లానింగ్‌లో తేడా ఏమీ కనిపించలేదు. పిల్లలకి టూల్ ఇచ్చేసి వదిలేస్తే తెలివితేటలు వాటంతటవే పెరగవని దాన్నుంచి నాకు అర్థమైంది. పక్కన ఒకరు కూర్చుని "రన్ కొట్టకముందు చెప్పు, ఏం వస్తుంది అనుకుంటున్నవ్?" అని అడగాలి. "అనుకున్నది ఎందుకు రాలే?" అని ఇంకోసారి అడగాలి. ఆ అడిగేవాళ్లకి కోడింగ్ రానక్కర్లేదు. అమ్మ అడగొచ్చు, అక్క అడగొచ్చు, బడిలో లెక్కల సార్ అడిగితే ఇంకా మంచిది. కోర్సు కోసం దాచిన డబ్బు కంటే ఈ రెండు ప్రశ్నలకి విలువ ఎక్కువ.

ఇక ఏఐ. "చాట్‌బాట్‌ని అడిగితే కోడ్ అదే రాసిస్తుంది, పిల్లలు నేర్చుకోవడం ఎందుకు?" నేను రోజూ ఆఫీసులో ఏఐ టూల్స్ వాడతాను. అవి చాలా పని తగ్గిస్తాయి, ఒప్పుకుంటా. కానీ మిగిలిన పని ఏంటో తెలుసా? మనకి ఏం కావాలో తేడా రాకుండా చెప్పడం, వచ్చింది కరెక్టో కాదో పట్టుకోవడం. ఇమేజ్ జనరేటర్‌ని చుక్కల ముగ్గు అడగండి, కంటికి ఇంపుగా ఏదో ఇస్తుంది. చుక్కలు లెక్కపెట్టి చూసేవాళ్లకే అది ముగ్గో, ముగ్గులా కనిపించే గీతలో తెలుస్తుంది. 40కి, 45కి తేడాని కళ్లతో చూసి పట్టుకున్న పిల్లలు రేపు ఏఐ ఇచ్చిన జవాబుని కూడా అలాగే తిప్పి చూస్తారు. వాళ్లకి ఆ అలవాటు లేకపోతే మెషీన్ ఏది చెప్తే అది నమ్ముతారు. ఊరి పిల్లల విషయంలో నా భయం ఇదే. పట్నంలో పిల్లలు మెషీన్‌కి పని చెప్పడం నేర్చుకుంటుంటే, మన పిల్లలు అదే మెషీన్ చూపించింది చూస్తూ కూర్చుంటే, ఐటీ టవర్ ఎంత దగ్గర్లో ఉన్నా లాభం లేదు.

స్క్రీన్ టైమ్ సంగతి కూడా చెప్పాలి. రోజుకి రెండు గంటలు రీల్స్ చూడటం, వారానికి రెండు గంటలు ముగ్గు గీయించడం రెండింటినీ ఒకే లెక్కలో వెయ్యడం కరెక్ట్ కాదు. పైగా తాబేలు పాఠం సగం స్క్రీన్ బయటే జరుగుతుంది: నేల మీద నడవడం, కాగితం మీద గళ్లు నింపడం, సుద్దతో లెక్క వేసుకోవడం. అలా జరగకపోతే పాఠంలో ఏదో తేడా ఉన్నట్టే. ఇంకొకరు చేసిన ప్రాజెక్టుని కాపీ కొట్టి పేరు మార్చి "మా వాడు గేమ్ చేశాడు" అని వాట్సాప్ స్టేటస్ పెట్టడం కూడా నేర్చుకోవడం కిందికి రాదు. అందులో ఒక్క అంకె మార్చి ఏమవుతుందో చెప్పగలిగితే అప్పుడు లెక్క.

కొనే ముందు ఒక్క టెస్ట్

మన దగ్గర రివ్యూల్లో డిస్‌ప్లే, కెమెరా, గేమింగ్, బ్యాటరీ అన్నిటికీ స్కోర్లు ఇస్తారు. పిల్లల కోసం, స్టూడెంట్స్ కోసం అని చెప్పే డివైస్ ఏదైనా సరే, దానికి ఇంకో లైను ఉండాలని నా డిమాండ్. దీంట్లో నెట్ ఆపేసి ఎనిమిది రేకుల ముగ్గు ప్రోగ్రామ్ చేసి, సేవ్ చేసి, రేపు మళ్లీ తెరిచి తొమ్మిది రేకులుగా మార్చొచ్చా? మార్చగలిగితే అది కొనదగ్గ డివైస్. లేదంటే ఎంత ర్యామ్ ఉన్నా అది చేతిలో పట్టే టీవీ.

ఈ టెస్ట్ పాస్ అయ్యే మెషీన్ చాలామంది ఇళ్లల్లో ఇప్పటికే ఉంది. అన్న బీటెక్ అయిపోయాక అటక మీద పెట్టిన ల్యాప్‌టాప్, షాపులో బిల్లింగ్‌కి వాడి పక్కన పడేసిన డెస్క్‌టాప్ లాంటివి. కొత్త ట్యాబ్ ఈఎంఐ పెట్టే ముందు దాన్ని దించి, దుమ్ము దులిపి, స్క్రాచ్ వేసి చూడండి. సంక్రాంతికి ఇంటి ముందు వెయ్యాల్సిన ముగ్గు ఏదో పిల్లల్ని ముందుగా దాంట్లో వేసి చూపించమనండి. చుక్కలు తప్పితే అమ్మని పిలవండి, ఆమె సరిచేస్తుంది.